ఒప్పించే ప్రసంగం: ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఎలా నేర్పాలి?

సుద్దముక్క:

అందరికీ నమస్కారం. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతున్నాను. ఈ విద్యా సంవత్సరంలో ప్రతి విద్యార్థి చేతా కనీసం ఒక ప్రసంగం చేయించాలనీ, అది ఏదో ఒక విషయాన్ని వర్ణించి ఊరుకునేది కాక, వినేవారిని ఒక అభిప్రాయానికి గానీ ఒక పనికి గానీ ఒప్పించేదిగా ఉండాలనీ మా పాఠశాలలో నిర్ణయించారు. ఆలోచన మంచిదే. తొలి విడత విన్న తర్వాత మాత్రం నాకు దారి తోచడం లేదు.

మాట్లాడిన పిల్లల్లో ఎక్కువ మంది పర్యావరణం, బాలికా విద్య, సెల్‌ఫోన్ దుష్ప్రభావాలు అనే మూడింటిలో ఏదో ఒకటి తీసుకున్నారు. వేదిక అన్నదే లేకపోయినా "వేదికనలంకరించిన పెద్దలకు" నమస్కరించారు, ఒక సూక్తి చెప్పారు, బట్టీ పట్టిన మూడు పేరాలు అప్పజెప్పారు, "కావున మనమందరం నడుం బిగించాలి" అంటూ వెళ్లి కూర్చున్నారు. ఉచ్చారణలో గానీ వాక్య నిర్మాణంలో గానీ చెప్పుకోదగ్గ దోషాలు లేవు. కానీ చెట్లు నరికేయాలని వాదించేవారు మా తరగతిలో ఒక్కరూ లేనప్పుడు, చెట్లు పెంచాలని వీరు ఎవరిని ఒప్పించినట్టు?

విషయం ఎంపిక దగ్గర పిల్లలకు ఏమని చెప్పాలి, రాసి తెచ్చినదాన్ని ఏ దృష్టితో దిద్దాలి, 45 మంది ఉన్న తరగతిలో 45 నిమిషాల పీరియడ్లతో ఇదంతా ఎలా నెట్టుకురావాలి అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు చెబితే మేలు చేసినవారవుతారు.

నల్లకోటు:

నేను ఉపాధ్యాయుణ్ణి కాదు, న్యాయవాదిని. అయితే సెలవు రోజుల్లో మా వీధి పిల్లలకు వాదనలు నేర్పుతుంటాను కాబట్టి నాలుగు మాటలు చెప్పే సాహసం చేస్తున్నాను.

మీ చిక్కంతా విషయం ఎంపికలోనే ఉంది. మేము న్యాయస్థానంలో వేసే ప్రతి పిటిషన్‌కూ చివర 'ప్రేయర్' అనే భాగం ఉంటుంది. మీరు మాకు ఏమి చేసిపెట్టాలి అన్నది అక్కడ స్పష్టంగా రాయాలి. అది లేకపోతే అంతకు ముందు ఎంత పాండిత్యం ఒలకబోసినా న్యాయమూర్తి చేయగలిగింది ఏమీ ఉండదు. పిల్లల చేత కూడా ముందు ఆ భాగమే రాయించండి. "నేను ఫలానా వారిని ఫలానా పని చేయమని అడుగుతున్నాను, వారు ఇప్పటిదాకా ఆ పని చేయకపోవడానికి కారణం ఇది" అన్న వాక్యాన్ని ప్రతి విద్యార్థీ పూరించాలి. రెండో భాగం పూరించలేకపోతే ఆ విషయం ప్రసంగానికి పనికిరాదని అర్థం. "పర్యావరణాన్ని కాపాడాలి" అన్నదానికి ఆ రెండో భాగం ఎవరూ రాయలేరు. "మా కాలనీ గణేశ్ ఉత్సవ కమిటీ ఈసారి మండపంలో మట్టి విగ్రహమే పెట్టాలి" అన్నదానికి రాయగలరు, ఎందుకంటే కమిటీ వారికి ఖర్చు గురించీ ఎత్తు గురించీ వాన గురించీ నిజమైన అభ్యంతరాలు ఉంటాయి. ఆ అభ్యంతరాలు తెలుసుకోవడానికి పిల్లవాడు కమిటీలో ఎవరినైనా అడగవలసి వస్తుంది. అక్కడే సగం పాఠం అయిపోతుంది.

నల్లకుంట విశ్రాంత:

ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. నగరంలో వక్తృత్వ పోటీలకు న్యాయనిర్ణేతగా ఇప్పటికీ పిలుస్తుంటారు. నల్లకోటు గారి సలహా బాగుంది గానీ, పాఠశాలల వాస్తవ పరిస్థితి వేరు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతికీ, సెప్టెంబరు 9న కాళోజీ గారి జయంతికీ పోటీలు పెడతారు. విషయం నిర్వాహకులే ఇస్తారు. అది "మాతృభాష ప్రాముఖ్యం" అనే ఉంటుంది. దానికి విద్యార్థి కాదనలేడు, కమిటీని వెతుక్కోలేడు. కాబట్టి ఇచ్చిన విషయంపై కూడా నిలబడి మాట్లాడగలిగే శిక్షణ అవసరమే.

బట్టీ పట్టడాన్ని అంత చులకన చేయవద్దని కూడా మనవి. నోటికి వచ్చిన పద్యం, ధారణలో ఉన్న వాక్యం పిల్లవాడికి వేదికపై ధైర్యాన్నిస్తాయి. అసలు చిక్కు బట్టీ పట్టడంలో లేదు, బట్టీ పట్టినదానిలో తర్కం లేకపోవడంలో ఉంది.

తర్కం నేర్పడానికి మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం చెప్పిన పంచావయవాలు, అంటే వాదనకు ఉండవలసిన అయిదు భాగాలు, చాలు. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పు ఉంది. ఎందుకంటే పొగ కనిపిస్తోంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో చూస్తున్నట్టు. ఈ కొండ మీదా అటువంటి పొగే ఉంది. కాబట్టి అక్కడ నిప్పు ఉంది. తొమ్మిదో తరగతి పిల్లలు దీన్ని ఒక్క పీరియడ్‌లో పట్టుకుంటారు. వారి ప్రసంగాల్లో సాధారణంగా ప్రతిజ్ఞ, నిగమనం మాత్రమే ఉంటాయి; అంటే మొదట చెప్పిన మాటనే చివర మళ్లీ చెబుతారు. నడిమి మూడింటినీ రాయిస్తే ప్రసంగం దానంతట అదే బలపడుతుంది.

పాతబస్తీ పంతులమ్మ:

నల్లకుంట విశ్రాంత గారూ, పంచావయవాలు నేనూ వాడి చూశాను. చాలా ఉపయోగపడ్డాయి. ముఖ్యంగా ఉపనయం, అంటే "ఆ సూత్రం మన సంగతికి ఇలా వర్తిస్తుంది" అని చెప్పే మెట్టు, మా పిల్లలు పూర్తిగా వదిలేసేదే. ఢిల్లీలో గాలి కాలుష్యం గురించి ఒక వార్త చెప్పి, నేరుగా "కాబట్టి మన బడి ముందు ఆటోలు ఆపకూడదు" అంటారు. ఆ రెండింటికీ మధ్య వంతెన వేయరు.

అయితే ఈ పద్ధతి ఒక విషయాన్ని నిరూపిస్తుందే తప్ప మనిషిని కదిలించదు. నిప్పు ఉందని ఒప్పుకున్నవాడు కూడా ఆర్పడానికి లేవకపోవచ్చు. అందుకే నేను దీనితోపాటు 1930లలో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో అలన్ మన్రో రూపొందించిన అయిదు మెట్ల వరుసను కూడా చెబుతాను. వినేవారి దృష్టిని పట్టుకోవడం, వారికి ఒక అవసరం ఉందని చూపడం, దాన్ని తీర్చే మార్గం చెప్పడం, ఆ మార్గంలో వెళితే ఏమవుతుందో వెళ్లకపోతే ఏమవుతుందో కళ్లకు కట్టించడం, చివరికి చేయవలసిన పనిని సూటిగా అడగడం. పిల్లలు నాలుగో మెట్టు దగ్గర విపరీతంగా అతిశయోక్తులు పోతారు. ఒక అమ్మాయి బడి కుళాయి కారడం గురించి మాట్లాడుతూ హైదరాబాదు ఎడారి అయిపోతుందని ముగించింది. కారే కుళాయి కింద బకెట్ పెట్టి, ఒక పీరియడ్‌లో ఎంత నీరు చేరుతుందో కొలిచి చెప్పమన్నాను. ఆ బకెట్ చూపిస్తూ మాట్లాడినప్పుడు ఎడారి ప్రస్తావన అవసరం పడలేదు.

సుద్దముక్క:

బకెట్ సంగతి ఎంతో నచ్చింది. మట్టి విగ్రహం విషయాన్ని మా తరగతిలో ఒక విద్యార్థి నిజంగానే తీసుకున్నాడు. అతను రాసి తెచ్చినది ఇలా ఉంది: "ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాల వలన జలవనరులు కలుషితమగుచున్నవి. కావున ప్రతి ఒక్కరూ మట్టి విగ్రహాలనే పూజించి ప్రకృతి మాతను కాపాడుదురు గాక." దీన్ని దిద్దే క్రమం ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరైనా చూపగలరా? అలాగే, ఎదుటివారి అభ్యంతరాన్ని మనమే ప్రస్తావిస్తే వారి వాదానికి బలం చేకూర్చినట్టు కాదా అని తరగతిలో ఒకరు అడిగారు. నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను.

నల్లకోటు:

మొదట ఆ విద్యార్థి అడిగిన ప్రశ్న గురించి. దీన్ని నిజంగానే పరీక్షించి చూశారు. 1945లో జర్మనీ లొంగిపోయిన తర్వాత, జపాన్‌తో యుద్ధం కూడా త్వరలోనే ముగిసిపోతుందని అమెరికా సైనికులు అనుకోకుండా చూడాలని అక్కడి సైన్యం భావించింది. మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ హోవ్లాండ్, ఆయన సహచరులు రెండు రకాల రేడియో ప్రసంగాలు తయారుచేశారు. ఒకదానిలో యుద్ధం చాలాకాలం సాగుతుందన్న వాదన మాత్రమే ఉంది. రెండోదానిలో ఎదుటి పక్షం వాదన కూడా ప్రస్తావించారు. 1949లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ముందే ఆ అభిప్రాయంతో ఉన్నవారిపై ఏకపక్ష ప్రసంగమే ఎక్కువగా పనిచేసింది. వ్యతిరేకాభిప్రాయంతో ఉన్నవారిపైనా, ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసినవారిపైనా రెండు పక్షాలూ చెప్పిన ప్రసంగం ఎక్కువ ప్రభావం చూపింది. అంటే అభ్యంతరాన్ని ప్రస్తావించాలా వద్దా అన్నది వినేవారు ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. కాదనేవారి ముందు మాట్లాడుతున్నప్పుడు ప్రస్తావించి తీరాలి. మీరు చెప్పకపోయినా అది వారి మనసులో ఉండనే ఉంది. పూర్వపక్షం, అంటే ఎదుటివారి వాదం, చెప్పకుండా సిద్ధాంతం, అంటే మన నిర్ణయం, చెప్పకూడదన్న మన శాస్త్ర మర్యాద కూడా ఇదే కదా.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పూర్వపక్షాన్ని అవతలివారే విని "అవును, మా మాట ఇదే" అనేలా చెప్పాలి. బలహీనంగా చెప్పి పడగొట్టడం పిల్లలకు చాలా తేలిక, ఎందుకంటే అప్పుడు చప్పట్లు వస్తాయి.

ఇక విగ్రహం ప్రసంగం. వినేవారు కమిటీ పెద్దలు అనుకుని నేను ఒక నమూనా రాశాను. అబ్బాయికి ఇది ఇవ్వకండి, మీరు చూసుకోవడానికి మాత్రమే:

"కమిటీ పెద్దలకు నమస్కారం. మన మండపంలో పెద్ద విగ్రహం ఉండాలన్న మీ కోరిక న్యాయమైనదే. పక్క కాలనీ విగ్రహం కంటే మనది చిన్నదైతే ముందు చిన్నతనం అనిపించేది మా పిల్లలకే. మట్టితో పెద్ద విగ్రహం నిలవదని మీరు సందేహిస్తున్నారు. ఖైరతాబాద్‌లో 2022లో 50 అడుగుల వినాయకుణ్ణి మట్టితోనే నిలబెట్టారు. మనకు కావలసింది ఎనిమిది అడుగులు."

గమనించండి, ఇందులో ప్రకృతి మాత లేదు, శాపనార్థాలు లేవు. అభ్యంతరాన్ని గౌరవించడం, దానికి ఒక వాస్తవంతో సమాధానం చెప్పడం మాత్రమే ఉన్నాయి. ధర గురించిన అభ్యంతరానికి మాత్రం నా దగ్గర సమాధానం లేదు. అది అతనే ధూల్‌పేట వెళ్లి, విగ్రహాలు చేసేవారిని ఎనిమిది అడుగుల మట్టి విగ్రహం ఎంతవుతుంది, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ది ఎంతవుతుంది అని అడిగి తెలుసుకోవాలి. మట్టిదే ఎక్కువని తేలితే ఆ సంగతి దాచకుండా చెప్పి, ఆ తేడాను ఎలా భరించవచ్చో సూచించాలి. 2021 సెప్టెంబరులో హుస్సేన్‌సాగర్‌లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాల నిమజ్జనాన్ని హైకోర్టు వద్దన్నదనీ, ఆ ఒక్క ఏడాదికి సుప్రీంకోర్టు వెసులుబాటు ఇచ్చిందనీ కూడా చెప్పవచ్చు గానీ, కాలనీ పెద్దలను కోర్టు పేరుతో బెదిరించినట్టు ఉంటే పని చెడుతుంది. ఏ వాస్తవం నిజమన్నదే కాక, ఏది ఎవరి దగ్గర చెప్పదగినదన్నది కూడా పిల్లలు ఆలోచించాలి.

గళవిద్య:

రంగస్థల నటన, వాచికం నేర్పుతుంటాను. ఇప్పటిదాకా రాత గురించే మాట్లాడుకున్నారు కాబట్టి నేను చెప్పడం గురించి రాస్తాను.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. "చేయాలి", "చేయకూడదు", "చేసి ఉండాల్సింది కాదు" అన్న తేడా అంతా ఆ చివరి మాటలోనే ఉంటుంది. మన పిల్లలు వాక్యం మొదట్లో ఊపిరంతా ఖర్చుచేసి, చివరికి వచ్చేసరికి గొంతు దించేస్తారు. వెనక బెంచీలో కూర్చున్నవారికి "ఈ విధానాన్ని మన పాఠశాలలో" అన్నంతవరకు గట్టిగా వినిపించి, అమలు చేయాలన్నారో వద్దన్నారో వినిపించదు. ఒప్పించే ప్రసంగంలో ఇంతకు మించిన నష్టం లేదు. దీనికి నేను చేయించే అభ్యాసం చాలా చిన్నది. ఒకరు వాక్యం చదువుతారు. తరగతి చివరి గోడ దగ్గర నిలబడిన మరొకరు ఆ వాక్యంలోని చివరి మాటను మాత్రమే తిరిగి పలకాలి. పలకలేకపోతే వాక్యాన్ని మళ్లీ చదవాలి. వాక్యం మరీ పొడవైతే చివరికి ఊపిరి చాలదు కాబట్టి, చెప్పనక్కరలేకుండానే వారంతట వారే వాక్యాలను చిన్నవి చేసుకుంటారు.

రెండోది, స్థాయి. పోటీల్లో పిల్లలు మొదటి నమస్కారం నుంచే తారస్థాయిలో మొదలుపెడతారు; ఇక పైకి వెళ్లడానికి చోటు ఉండదు. కిష్కింధాకాండలో హనుమంతుడి మొదటి మాటలు విని రాముడు లక్ష్మణుడితో మెచ్చుకున్నదేమిటంటే, అతని మాట మరీ విస్తరించలేదు, సందేహాలకు తావివ్వలేదు, సాగదీయలేదు, తొందరపడలేదు, మధ్యమ స్వరంలో ఉంది అని. న్యాయనిర్ణేతలకు ఇంతకంటే మంచి కొలమానం నాకు తెలియదు.

సమయం గురించి కూడా ఒక మాట. నిమిషానికి 120 నుంచి 150 మాటలు అని ఇంగ్లీషు శిక్షకులు చెప్పే లెక్కను తెలుగుకు వర్తింపజేయకండి. మన మాటల్లో విభక్తులూ ప్రత్యయాలూ కలిసిపోయి ఒక్కో మాటా పొడవుగా ఉంటుంది. మాటలు లెక్కపెట్టడం మానేసి, గడియారం పెట్టుకుని పైకి చదివించడమే సరైన మార్గం. 1924లో కాలిఫోర్నియాలో మొదలై ఇప్పుడు హైదరాబాదులోనూ శాఖలున్న టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో ఒక మంచి ఏర్పాటు ఉంది. అయిదు నుంచి ఏడు నిమిషాల ప్రసంగానికి అయిదో నిమిషంలో ఆకుపచ్చ, ఆరో నిమిషంలో పసుపు, ఏడో నిమిషంలో ఎరుపు దీపం చూపుతారు. మూడు రంగు కాగితాలతో తరగతిలోనూ ఇది చేయవచ్చు. మూడు నిమిషాల ప్రసంగంలో పెద్దలకు, న్యాయనిర్ణేతలకు, గురువులకు, తోటి విద్యార్థులకు విడివిడిగా నమస్కరించడానికే ఎంత పోతుందో పిల్లలు గడియారం చూసి తెలుసుకుంటే, ఆ వరుసను ఒక్క వాక్యంలోకి వారే కుదిస్తారు.

ఇంటర్ రెండో ఏడాది:

నేను విద్యార్థినిని. పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు మన్నించండి. తొమ్మిదిలోనూ పదిలోనూ నేను చేసిన ప్రసంగాలన్నీ మా టీచర్ రాసిచ్చినవే. బహుమతులు కూడా వచ్చాయి. ఇప్పుడు అందులో ఒక్క వాక్యం గుర్తులేదు. గుర్తున్నదల్లా, మా ఇంట్లో నన్ను ఎంపీసీ కాకుండా సీఈసీలో చేర్చమని నాన్నగారిని అడిగినప్పుడు నేను చెప్పిన కారణాలు. వాటికి ముందు ఆయన ఏమంటారో రెండు రోజులు ఆలోచించుకున్నాను. అలాంటిదేదో బడిలో అభ్యాసం చేయించి ఉంటే బాగుండేది.

మియాపూర్ నాన్న:

పై అమ్మాయి మాటలు చదివి, ఒక తండ్రిగా కాస్త ఇబ్బందిగానే అడుగుతున్నాను. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ప్రసంగం అనగానే వాడు ఫోన్‌లో చాట్‌జీపీటీని అడుగుతాడు. అది నిమిషంలో ఇచ్చేస్తుంది. మా ఆవిడ దాన్ని దిద్ది ప్రింటు తీయిస్తుంది. తరగతిలో సగం మంది ఇళ్లలో ఇదే జరుగుతోందని తల్లిదండ్రుల సమావేశంలో తెలిసింది. మేము సహాయం చేయడం మానేస్తే మా వాడొక్కడే వెనకబడతాడేమోనన్న భయం. ఇంట్లో ఎంతవరకు సహాయం చేయవచ్చు?

పాతబస్తీ పంతులమ్మ:

నాన్నగారూ, ఇంట్లో మీరు చేయగలిగే గొప్ప సహాయం కాదనడం. మీ అబ్బాయి ఏది ఒప్పించదలచుకున్నాడో దానికి ఒప్పుకోని మనిషిగా ఎదురుగా కూర్చోండి. "ఎందుకు? నీకెవరు చెప్పారు? అంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?" అని అడగండి. ఆ ప్రశ్నలు ఎదుర్కొన్న పిల్లవాడు రాసుకున్న కాగితాన్ని తానే కొట్టివేసి మళ్లీ రాస్తాడు.

బడిలో నేను చేసిన మార్పు ఏమిటంటే, పూర్తి పాఠం రాసి తేవడాన్ని తీసేశాను. పోస్టుకార్డు అంత అట్ట ముక్క ఒకటి ఇస్తాను. దాని మీద ఎవరిని అడుగుతున్నారో, ఏమి అడుగుతున్నారో, వారి అభ్యంతరం ఏమిటో, తమ దగ్గరున్న ఆధారాలేమిటో ముక్కలు ముక్కలుగా రాసుకోవచ్చు. పూర్తి వాక్యాలు రాయకూడదు. ప్రసంగం కాగానే వినేవారు రెండు ప్రశ్నలు అడుగుతారు. యంత్రం రాసిచ్చిన ప్రసంగం ఆ ప్రశ్నల దగ్గర ఆగిపోతుంది. ఆధారాల్లో ఒకటైనా విద్యార్థి స్వయంగా చూసినదో, కొలిచినదో, ఒక మనిషిని అడిగి తెలుసుకున్నదో అయి ఉండాలన్న నియమం పెట్టాను. వాట్సాప్‌లో వచ్చిన సందేశం ఆధారం కాదు; అందులోని సంగతి ఎవరు చెప్పారో, ఏ ఏడాదిదో తెలుసుకుని వస్తే అప్పుడు ఆధారం.

మా బడిలో చాలామంది ఇళ్లలో ఉర్దూ మాట్లాడతారు. రాష్ట్రంలో 2018 చట్టంతో తెలుగు అందరికీ తప్పనిసరి పాఠ్యాంశం అయ్యాక, ఇంట్లో తెలుగు వినని పిల్లలు కూడా తెలుగులో ప్రసంగించవలసి వస్తోంది. వారికి నేను చెప్పేది, ముందు ఉర్దూలోనే పక్కవారితో వాదించుకోండి, వాదన కుదిరాక తెలుగులోకి రండి అని. ఆలోచన, భాష రెండూ ఒకేసారి తడబడితే ఎవరికైనా నోరు పెగలదు.

నల్లకుంట విశ్రాంత:

అట్ట ముక్క ఆలోచనను నేను సగమే ఒప్పుకుంటాను. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు కంఠస్థం చేయించండి. సభాకంపం ప్రారంభంలోనే ఎక్కువగా ఉంటుంది. ఆ క్షణంలో వెతుక్కోకుండా నోటికి వచ్చే వాక్యం ఒకటి ఉండాలి. మధ్యభాగం అట్ట ముక్క చూసి చెప్పుకోవచ్చు.

ఇంకొక భయం ఉంది. పూర్తిగా రాయించకపోతే భాష జారిపోతుంది. వేదికపై "అది ఏమైతదంటే", "గట్ల చేస్తే" వంటి వాడుకలు వినవలసి వస్తుంది. సభలో మాట్లాడేటప్పుడు శిష్టభాష ఉండాలన్నది నా నిశ్చితాభిప్రాయం. ఆధారాల కోసం పిల్లలను గ్రంథాలయాలకు పంపితే భాష కూడా మెరుగుపడుతుంది. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది, సుల్తాన్ బజార్‌లో 1901 నుంచి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది.

పాతబస్తీ పంతులమ్మ:

గ్రంథాలయాల మాట నూటికి నూరుపాళ్లు నిజం. భాష దగ్గర మాత్రం మీతో విభేదిస్తాను, అన్యథా భావించవద్దు. బడిపలుకుల భాషకూ పలుకుబడుల భాషకూ తేడా చెప్పిన కాళోజీ జయంతి నాడే పోటీ పెట్టి, "ఏమైతదంటే" అన్నందుకు మార్కులు తగ్గిస్తే ఎలా? కాలనీ కమిటీ ముందు మాట్లాడే అబ్బాయి "కలుషితమగుచున్నవి" అంటే పెద్దలు నవ్వుకుంటారు. ఎవరి ముందు ఏ భాష అతుకుతుందో ఎంచుకోవడం కూడా ఒప్పించడంలో భాగమే. జిల్లా విద్యాధికారికి విన్నవించేటప్పుడు ఒక తీరు, తోటి పిల్లలను మధ్యాహ్న భోజనం దగ్గర వరుసలో నిలబడమని అడిగేటప్పుడు ఇంకొక తీరు.

నల్లకుంట విశ్రాంత:

పోటీ న్యాయనిర్ణేతలు దానికి సిద్ధంగా లేరమ్మా. వారు సిద్ధమయ్యేదాకా పిల్లవాడు నష్టపోకూడదన్నదే నా ఆరాటం.

సుద్దముక్క:

ఇద్దరు పెద్దల మాటల్లోనూ న్యాయం ఉంది. తరగతిలో పిల్లల ఇష్టానికి వదిలి, పోటీకి వెళ్లేవారిని మాత్రం విడిగా సిద్ధం చేస్తాను.

ఇక సమయం లెక్క వేశాను. 45 మందికి మనిషికి మూడు నిమిషాలంటే 135 నిమిషాలు, అంటే సరిగ్గా మూడు పీరియడ్లు. ఒకరు దిగి మరొకరు వచ్చే వ్యవధి, ప్రశ్నలు కలుపుకుంటే ఆరు దాటుతాయి. సిలబస్ ఒప్పుకోదు. అలాగే, ప్రసంగానికి ముందూ తర్వాతా చేతులెత్తించి, అభిప్రాయం మార్చుకున్నవారి సంఖ్యను బట్టి మార్కులు వేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన కూడా వచ్చింది. అభిప్రాయం చెప్పగలరు.

పాతబస్తీ పంతులమ్మ:

తరగతిని అయిదుగురు చొప్పున తొమ్మిది జట్లు చేయండి. అన్ని జట్లలోనూ ఒకేసారి ఒకరు మాట్లాడతారు, నలుగురు వింటారు. మనిషికి మూడు నిమిషాల ప్రసంగం, రెండు నిమిషాల ప్రశ్నలు అనుకున్నా 25 నిమిషాల్లో 45 మందీ మాట్లాడేస్తారు. గోల ఉంటుంది, పక్క తరగతివారు ఫిర్యాదు చేస్తారు, వీలైతే వరండాలోకో చెట్టు కిందికో తీసుకెళ్లండి. ఆ తర్వాతి పీరియడ్‌లో జట్టు నుంచి ఒకరు తరగతి మొత్తం ముందు మాట్లాడతారు. జట్టులో వినేవారికీ పని ఉండాలి. ఒకరు గడియారం చూస్తారు, ఒకరు చివరి మాట వినిపించిందో లేదో చూస్తారు, మిగిలిన ఇద్దరూ కాదనేవారు.

నల్లకోటు:

చేతులెత్తించడం మంచి ఆట. వాదానికి ముందూ తర్వాతా ఓట్లు తీసుకుని, తేడాను బట్టి విజేతను తేల్చే పద్ధతి చర్చా సభల్లో ఉన్నదే. కానీ మార్కులకు దాన్ని ముడిపెట్టకండి. తొమ్మిదో తరగతిలో ఓటు స్నేహాన్ని బట్టి పడుతుంది. అదీ కాక, కఠినమైన విషయం తీసుకున్న పిల్లవాడికి ఓట్లు రావు. అందరూ ఒప్పుకునే విషయం తీసుకున్నవాడికి మార్కులు వస్తాయి. మళ్లీ చెట్లు పెంచాలన్న చోటికే చేరుకుంటాం.

రాయబారం ఘట్టాన్ని చూడండి. దుర్యోధనుడు ఒప్పుకోలేదు కాబట్టి శ్రీకృష్ణుడి ప్రసంగం విఫలమైందని ఎవరూ అనరు. ఆ సభలో ధృతరాష్ట్రుడు ఉన్నాడు, భీష్మద్రోణులు ఉన్నారు. సంధికి సిద్ధపడింది ఎవరో, కాదన్నది ఎవరో వారందరికీ తెలిసేలా మాట్లాడడం కూడా ఆ ప్రసంగం ప్రయోజనమే. మార్కులు వేయదలిస్తే ఎదుటివారి అభ్యంతరాన్ని ఎంత నిజాయితీగా చెప్పారన్నదానికి ఎక్కువ వేయండి. నేనైతే 20 మార్కుల్లో 8 దానికీ దాని సమాధానానికీ ఇస్తాను, 6 ఆధారాలకు, 4 వినిపించే తీరుకు, మిగిలిన 2 సమయపాలనకు.

నల్లకుంట విశ్రాంత:

భాషకు సున్నానా?

నల్లకోటు:

వినిపించే తీరులోనే భాష కూడా ఉందండీ. మీ గౌరవార్థం సమయపాలన నుంచి ఒక మార్కు తీసి ఇస్తాను.

సుద్దముక్క:

ధన్యవాదాలు. సోమవారం నుంచి జట్లతో మొదలుపెడుతున్నాను. విగ్రహం అబ్బాయి ఆదివారం వాళ్ల మామయ్యతో ధూల్‌పేట వెళ్తానన్నాడు. చివరిగా ఒక సందేహం. జట్టులో నలుగురి ముందు కూడా నోరు విప్పని అమ్మాయి ఒకరు ఉన్నారు. అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఆమెను మినహాయించాలా?

గళవిద్య:

మినహాయించకండి, మెట్లు చిన్నవి చేయండి. మొదటివారం కూర్చున్నచోటే, తనకు నచ్చిన ఒక్క స్నేహితురాలికి చెప్పనివ్వండి. తర్వాత అదే మాటలు లేచి నిలబడి ఆ స్నేహితురాలికే చెప్పాలి. మిగిలినవారు తమ పని తాము చేసుకుంటూ ఉంటారు. ఆ తర్వాత స్నేహితురాలిని రెండు బెంచీలు వెనక్కి పంపండి. దూరం పెరిగేకొద్దీ గొంతు దానంతట అదే పెరుగుతుంది, మధ్యలో ఉన్నవారికి కూడా వినిపిస్తుంది. కళ్లలోకి చూడమని ఒత్తిడి చేయవద్దు. వెనక గోడ మీది గడియారాన్ని చూసినా చాలు. చేతులు వణుకుతాయి కాబట్టి పలుచని కాగితం ఇవ్వకండి, దాని చప్పుడుకే మరింత బెదురుతారు. పంతులమ్మ గారు చెప్పిన అట్ట ముక్కే సరైనది. మరో మాట, ఆమె మాట్లాడుతున్నప్పుడు మీరు దగ్గరికి వెళ్లి నిలబడకండి. ఆమె జట్టును కిటికీ పక్కన కూర్చోబెట్టి, మీరు తలుపు దగ్గరే ఉండండి.